ఏరు దాటాక తెప్పను తగలేస్తారా?

తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ సమీక్షల్లో హామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని ఔత్సాహికులు సొంతంగా నడిపే వైర్‌లెస్ రేడియో, మాట వినిపిస్తుంది. తీరం దాటిన మర్నాడు ఆ మాట ఎవరికీ గుర్తుండదు. ఏళ్ల తరబడి సొంత డబ్బుతో నడుస్తున్న హామ్ రేడియో క్లబ్బుకు గది దొరకదు. డాబా మీద యాంటెన్నా కనిపిస్తే చాలు, 'ఇదేంటి, తీసేయండి' అంటుంది అపార్టుమెంటు సంఘం. అవసరానికి వాడుకుని తర్వాత గెంటేసే ఈ బుద్ధి మీదే మా కోపం.

2004 డిసెంబరును గుర్తు చేసుకోవాలి. భద్రత పేరుతో అండమాన్‌లో హామ్ రేడియోను ఏళ్ల తరబడి అనుమతించలేదు. హామ్ రేడియో ఆపరేటర్ భారతి ప్రసాద్ పట్టుబట్టి అనుమతి సాధించాక, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్ బ్లెయిర్ చేరింది. వాళ్లు వెళ్లింది ప్రపంచంలోని తోటి హామ్‌లతో, అంటే ఈ రేడియో నడిపేవాళ్లతో, మాట్లాడటానికి. 26వ తేదీ ఉదయం సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయాయి. వాళ్లు సరదా పక్కన పెట్టి రాత్రింబవళ్లు సెట్ల ముందు కూర్చున్నారు. దీవుల్లో చిక్కుకున్న తమవాళ్లు బతికే ఉన్నారన్న కబురు ఎన్నో కుటుంబాలకు ఆ రేడియోల మీదుగానే అందింది. ఆ అనుమతి ఇంకొక్క నెల ఆలస్యమై ఉంటే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కుదిపేసినప్పుడూ సెల్ టవర్లు పడకేశాయి. అప్పుడూ హామ్‌లు కావాల్సి వచ్చారు.

శాటిలైట్ ఫోన్లుండగా ఈ పాతకాలపు సెట్లెందుకని కొందరంటారు, భద్రత మాటేమిటని ఇంకొందరు. శాటిలైట్ ఫోన్ ఊరికొకటి ఉండదు. హామ్‌కు కారు బ్యాటరీ, నాలుగు గజాల తీగ, నేర్చిన చెయ్యి చాలు. ఇక భద్రత అంటారా, పరీక్ష రాసి, విచారణ దాటి, కాల్‌సైన్ అనే గుర్తింపు సంకేతం తెచ్చుకున్నవాడు మాట్లాడిన ప్రతిసారీ తానెవరో చెప్పుకుంటాడు. లైసెన్స్ ఊసే లేకుండా ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్ముతున్నారని 2025లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థే నోటీసులివ్వాల్సి వచ్చింది. అలా కొన్నవాణ్ని అడిగే నాథుడు లేడు. అనుమానమంతా నిబంధన పాటించినవాడి మీదే! ఇదెక్కడి న్యాయం?

ఒక సంఘం యాంటెన్నా పీకిస్తే పక్క సంఘానికి అదే దారి అవుతుంది. పాతవాళ్లు విసిగి సెట్లు అటకెక్కిస్తారు. పిల్లలకు నేర్పేవాళ్లుండరు. క్లబ్బు ఒకసారి చెదిరిందంటే తుపాను ముందురోజు జీవో ఇచ్చి దాన్ని నిలబెట్టలేరు.

తీరప్రాంత కలెక్టర్లను సూటిగా అడుగుతున్నాం. మీ జిల్లాలో లైసెన్స్ ఉన్న హామ్‌లు ఎందరో మీ దగ్గర జాబితా ఉందా? కలెక్టరేట్ డాబా మీద వాళ్లకో యాంటెన్నా ఉందా? వాళ్లతో చివరిసారి డ్రిల్ ఎప్పుడు చేశారు? జవాబు లేకపోతే గాలివాన రాత్రి వాళ్ల కోసం వెతకకండి. ఈ వారమే పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడండి.