ఒక కాలు పాతపట్నం వైపు

పర్లాకిమిడిలో మా ఇంటికి పొద్దున్నే రెండు పేపర్లు వస్తాయి. తెలుగుది మా మావగారికి, ఒడియాది మా ఆయనకి. చదివేశాక రెండూ కలిసికట్టుగా అలమర అరల్లోకీ, పప్పుల డబ్బాల కిందికీ చేరతాయి. ఈమధ్య కోడిపిల్లల కిందికీ చేరాయి.

కోడిపిల్లలు ఎక్కడివంటే, మా చిన్నోడు థర్మాకోల్ పెట్టెలో బల్బు వేలాడదీసి నాటుకోడి గుడ్లు పెట్టాడు. పెట్టకోడి 21 రోజులు కదలకుండా కూర్చుని చేసే పనిని వీడు వైరు ముక్కలతో చేస్తానంటే ఎవరం నమ్మలేదు. కరెంటు పోయినప్పుడల్లా పెట్టె మీద దుప్పటి కప్పి పక్కనే కాపలా కాశాడు. పదో తరగతి పరీక్షలకి కూడా వాడు అంతసేపు ఒకచోట కూర్చున్నట్టు నాకు గుర్తులేదు. గుడ్లన్నీ కాదుగానీ, పిల్లలైతే లేచాయి.

ఆఖర్న వచ్చిన పిల్ల మాత్రం నిలబడలేకపోయింది. కాళ్లు చెరోపక్కకి జారిపోయి, పొట్ట నేలకి ఆనించి, రెక్కలు కొట్టుకుంటూ అరుస్తోంది.

"ఒక కాలు పాతపట్నం వైపు, ఒక కాలు గుణుపూరు వైపు పెట్టిందేటే ఇది!" అన్నారు అత్తగారు.

మా ఊరు తెలిసినవాళ్లకి ఇంతకన్నా వివరం అక్కర్లేదు. పాతపట్నం ఆంధ్ర, గుణుపూరు ఒడిశా, నడుమ మేము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. మావగారు పుట్టకముందే తేలిపోయిన ఈ విషయం మీద ఆయన దగ్గర ఇంకా వాయిదాలు నడుస్తున్నాయి.

చిన్నోడు ఫోనంతా వెతికి, నున్నటి పేపరు పరిస్తే పుట్టిన పిల్లలకి పట్టు దొరక్క కాళ్లు ఇలా జారతాయని తేల్చాడు.

"ఏ పేపరు?" అన్నారు మావగారు, కుర్చీలోంచి ముందుకి వంగి.

పెట్టెలో చూస్తే పైన ఉన్నది ఒడియా పేపరు. ఆయన ముఖం వెలిగిపోయింది. మా ఆయన ఊరుకోకుండా మూల పైకెత్తి, జారిన ఎడమ కాలు సరిగ్గా తెలుగు పేపరు ఆదివారం సంచిక మీద ఉందని చూపించారు. తండ్రీకొడుకులు మాట్లాడుకుంటూ ఉండగా అత్తగారు రెండు పేపర్లూ లాగిపారేసి గోనెగుడ్డ పరిచారు.

ఈలోగా వార్త వీధిలోకి పాకింది. మా ఇంటి ఎదురు రిటైర్డ్ కంపౌండరు గారు వచ్చి పిండికట్టు వేద్దామన్నారు. పిల్లేమో నిమ్మకాయంత ఉంది. పక్కింటావిడ పసుపు, ఉల్లిపాయ ముద్ద అన్నారు. అది వైద్యమో, మసాలా నూరడమో నాకు తేలలేదు. అత్తగారి బాధంతా తిండి గురించి. పుట్టి పూట గడిచినా ఏమీ తినలేదట. గుడ్డులోంచి వచ్చే ముందే పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటుంది, రెండు రోజుల వరకు దానికి ఆకలి బెంగ ఉండదని చిన్నోడు చెబితే, "పుట్టిన గుంటని పస్తు పెడతావేట్రా!" అని నూకలు తెచ్చి దాని ముక్కు ముందు పోశారు. అది నూకల మీద పడి నిద్రపోయింది.

చివరికి పశువుల డాక్టరు గారికి చూపించాం. ఆయన కాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, మడమ దగ్గర వాచి, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడు పక్కకి తప్పుకుంటే కట్టు కట్టినా లాభం ఉండదని, వేళ్లు లోపలికి ముడుచుకుంటే బీ2 విటమిన్ లోటని, ఇది మాత్రం వట్టి జారుడేనని చెప్పారు. ఇప్పుడు ఎముకలు లేతగా ఉంటాయి, ఇవాళే కట్టండి, ఆలస్యమైతే ఆ వంకర అలాగే బిగుసుకుపోతుందన్నారు.

మందేమిటంటే బ్యాండ్‌ఎయిడ్. దాన్ని నిలువునా సన్నగా చీల్చి, దూది ముక్క మధ్యలోకి వచ్చేలా ఒక్కో కొస ఒక్కో కాలికి వదులుగా చుట్టాలి. రెండు కాళ్ల మధ్య వేలు పట్టేంత ఎడం ఉంచాలి. చెప్పడానికి ఇంతే. మా ఆయన కాళ్లు పట్టుకున్నారు, నేను అంటించాను. మొదటిది ఆయన బొటనవేలికి అంటుకుంది. తర్వాతది పిల్ల నూగుకి అంటుకుంటే కొబ్బరినూనె రాసి ఊడదీశాం. ఆ నూనె చేతులతో ఇంకేదీ అంటుకోలేదు. ఆఖరికి చిన్నోడు చేతులు కడుక్కొచ్చి, మమ్మల్ని అవతలికి పొమ్మని, చిటికెలో కట్టేశాడు. పిల్ల లేచింది, ముందుకి బోర్లాపడింది, మళ్లీ లేచింది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

అప్పుడు కరెంటు పోయింది. మొదటి వారం పిల్లలకి దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. మిగతావి ఒకదానికొకటి ఒరుసుకుని పడుకున్నాయిగానీ, దీన్ని తొక్కేస్తాయని భయం. మెత్తటి గుడ్డ వేసిన చిన్న గ్లాసులో కాసేపు నిలబెడితే వెచ్చగానూ ఉంటుంది, కాళ్లు ఒంటి కిందికి వస్తాయి కూడా. అత్తగారు చీకట్లో తడుముకుని కిటికీలోంచి ఓ స్టీలు గ్లాసు తెచ్చి, అందులో ఉన్నది పక్కన నీళ్లు తగిలిన చోట పడేసి, గుడ్డ చుట్టి, పిల్లని దింపి, గ్లాసుని మళ్లీ కిటికీలోనే పెట్టారు.

ఆ గ్లాసు మావగారి కట్టుడు పళ్లది.

సాయంత్రం కునుకు తీసి చీకట్లో లేచిన మావగారు, టీ తాగుదామని, అలవాటు కొద్దీ గ్లాసులో వేళ్లు పెట్టారు. ఆ కేకకి కంపౌండరు గారు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చారు.

"నా పళ్లు నన్నే కరిచాయే!" అన్నారు మావగారు. పళ్లు లేకపోవడం వల్ల ఆ మాట మాకు మూడోసారికిగానీ అర్థం కాలేదు.

మరి పళ్లేవి? టార్చిలైటు పట్టుకుని ఇల్లంతా వెతికాం. కంపౌండరు గారు ఇదే అదనుగా 1936లో జరిగినదంతా సబబేనని మొదలుపెట్టారు. మావగారికి జవాబు నాలుక చివర్న ఉంది, పళ్లు లేవు. అంత టెన్షన్ ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

కరెంటు వచ్చాక కనిపించాయి. పిల్లలు నీళ్లలో పడి మునిగిపోకుండా పచ్చడి సీసా మూతలో గులకరాళ్లు వేసి నీళ్లు పోశాడు చిన్నోడు. ఆ రాళ్ల నడుమ మావగారి పళ్ల సెట్టు. మూడు కోడిపిల్లలు దాని చుట్టూ చేరి, ముందు పళ్ల సందుల్లోంచి నీళ్లు తాగుతున్నాయి.

ఉత్తినే కడిగితే పెట్టుకోనని ఆయన పట్టుబట్టారు. అత్తగారు పాలగిన్నెలో వేసి తెర్లించారు. కట్టుడు పళ్లని మరిగించకూడదు, వంకర పోతాయి. పోయాయి. పై వరస ఇప్పుడు ఏ దవడకీ చెందదు.

కోడిపిల్లకి కొద్దిరోజుల్లోనే కట్టు తీసేశాం. మిగతావాటికన్నా అదే ముందు పరిగెడుతోంది, మావగారి వేలు కనిపిస్తే మరీ ముందు. ఆయన్నేమో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. సెట్టుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత వంకర ఎలా పోయిందండీ అని అడిగారాయన.

మావగారు చాలాసేపు ఆలోచించారు. "మా కోడిపిల్లకి కాలు బాగోలేదండీ" అన్నారు.