రెండో డోసు తేదీ చూసుకోండి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ తెచ్చే వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మీద వచ్చిన వ్యాసంలో ‘అందరికీ మూడు డోసులు’ అన్నారు, అది సరికాదు. 9–14 ఏళ్ల మధ్య మొదలుపెడితే ఆర్నెల్ల తేడాతో రెండు చాలు. 15 నిండాక మొదలుపెడితే మూడు. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకు ఏ వయసులోనైనా మూడే.

బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్‌లో ఉండే మనవాళ్లు సెలవులకు ఊరెళ్లే తొందరలో రెండోదాన్ని ముందుకు జరపకండి. ఐదు నెలల్లోపు పడితే మూడోది తప్పదు. ఆలస్యమైతే మాత్రం కంగారొద్దు, మళ్లీ మొదటినుంచి వేయించక్కర్లేదు.

మందులషాపులో కొని ఐసుగడ్డకు ఆనించి తీసుకెళ్తుంటారు, దయచేసి అలా చేయకండి! ఇందులోని అల్యూమినియం లవణం ఒకసారి గడ్డకడితే టీకా పనికిరాదు. 2–8 డిగ్రీల్లోనే ఉండాలి. క్లినిక్‌ ఫ్రిజ్‌లోంచి తీసి వేయించడమే మేలు.

పిల్లను కూర్చోబెట్టి వేయించండి, తర్వాత పావుగంట లేవనివ్వకండి. ఈ వయసులో కళ్లు తిరిగి పడుతుంటారు.

మన దేశంలో తయారయ్యే హెచ్‌పీవీ టీకా సర్వావాక్ ఈ వైరస్‌లోని 6, 11, 16, 18 రకాలకే, క్యాన్సర్‌ తెచ్చే రకాలు ఇంకా ఉన్నాయి. అందుకే టీకా వేయించుకున్నా 30 దాటాక స్క్రీనింగ్ (ఈ క్యాన్సర్‌ను ముందే పట్టే పరీక్ష) మానకూడదు.