సవరణ: గుళికల బురదలో ప్లాస్టిక్ ముక్కలు ఉండవు

మురుగునీటి శుద్ధి గురించి పోయిన వారం పెట్టిన పోస్టులో గుళికల బురద గురించి, అంటే మురుగును శుభ్రం చేసే బ్యాక్టీరియా చిన్న చిన్న గుళికలుగా కట్టిన బురద గురించి రాశాను. ట్యాంకులో వేసిన ప్లాస్టిక్ ముక్కల చుట్టూ బ్యాక్టీరియా పేరుకుని ఆ గుళికలు తయారవుతాయని అందులో అన్నాను. అది తప్పు. ప్లాస్టిక్ ముక్కలు వాడేది ఎంబీబీఆర్ అనే వేరే శుద్ధి పద్ధతిలో, అక్కడ బ్యాక్టీరియా ఆ ముక్కల మీద పెరుగుతుంది. రెండింటినీ కలిపేశాను.

ఒంగోలులో శుద్ధి ప్లాంటు చూసుకునే ఇంజనీరు ఒకాయన పోస్టు చదివి పిలిచి, యూఏఎస్‌బీ (గాలి లేకుండా మురుగును శుద్ధి చేసే ఒక పద్ధతి) ట్యాంకులోంచి తీసిన గుళికల సీసా చేతికిచ్చారు. ఆవగింజల్లా నల్లగా ఉన్నాయి. ఒకటి వేళ్ల మధ్య నలిపితే మెత్తగా చిదిగిపోయింది, లోపల గట్టి పలుకేమీ లేదు. సీసా కుదిపి బల్ల మీద పెడితే చూస్తుండగానే అడుగుకు దిగాయి. మామూలు బురదైతే చాలాసేపు మబ్బులా తేలుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చి పాఠ్యపుస్తకంలోనూ సరిచూసుకున్నాను. బ్యాక్టీరియా తాము విడుదల చేసే జిగురుతోనే ఒకదానికొకటి అంటుకుంటాయి. యూఏఎస్‌బీలో నీరు కింది నుంచి పైకి వస్తుంది. తేలికవి కొట్టుకుపోతాయి, బరువైనవి నిలిచి గుళికలవుతాయి. దీనికి గాలి అక్కర్లేదు. గాలి పెట్టే రకం వేరే ఉంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి వచ్చిన నెరెడా అనే శుద్ధి పద్ధతి అలాంటిదే. అందులో ఆక్సిజన్ గుళిక పైపొరకు అందుతుంది, లోపలికి అందదు. ఆక్సిజన్ ఉన్నచోట జరిగే పని, లేనిచోట జరిగే పని రెండూ ఒకే గుళికలో జరుగుతాయి, అందుకే ఒకే ట్యాంకులో మురుగులోని నత్రజని కూడా పోతుంది. అందులోనూ ప్లాస్టిక్ వేయరు.

పాత పోస్టులో ఆ పేరా మార్చాను. కావలిలో అపార్ట్‌మెంటు ప్లాంటుకు కొటేషన్లు అడుగుతున్నామని రాసినవారు దయచేసి ఇది చూసుకోండి.