బీఈడీ కన్నా ముందే నేర్చుకున్న పాఠాలు

రవీంద్రనాథ్ ఠాగూర్ చిన్నతనంలో ఇంటి వరండాలో ఒక బడి నడిపారు. వరండా కటకటాల చెక్క కడ్డీలే విద్యార్థులు. బెత్తం పట్టుకుని వాటి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఏ కడ్డీ బుద్ధిగా ఉంటుందో, ఏది మొద్దో ఆయనే తేల్చేవారు. మొద్దు కడ్డీలకు ఒకటే బాదుడు. పాఠం చెప్పడం కన్నా మాస్టార్ల విసుగు, కోపం, పక్షపాతం తనకు ఎంతో తేలిగ్గా పట్టుబడ్డాయని పెద్దయ్యాక తన జ్ఞాపకాల పుస్తకం ‘జీవనస్మృతి’లో రాసుకున్నారు.

ఠాగూర్ బడి శాంతినికేతన్ అనగానే అందరికీ చెట్ల కింద క్లాసులు గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు ఈ కడ్డీలే గుర్తొస్తాయి. దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దయ్యాక మంచి టీచరవుతాడని చాలామంది నమ్ముతారు. కానీ దెబ్బలు తిన్నవాడికి ముందుగా వచ్చేది కొట్టడమే. టీచర్లను చూసి చూసి నేర్చుకునేది ఎంతుంటుందో అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో లెక్కగట్టి చెప్పారు. హైస్కూలు పూర్తయ్యేసరికి ఒక విద్యార్థి సుమారు 13,000 గంటలు టీచర్లను చూస్తూ గడుపుతాడు. ఆ చూసేదంతా బెంచీ మీద నుంచే. టీచరు ఏం చేశారో కనిపిస్తుంది, ఎందుకు చేశారో కనిపించదు. ట్రైనింగ్‌లో చేరేనాటికే ఆ నడత ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది.

మన స్టాఫ్ రూముల్లో వినిపించే మాటే చూడండి: ‘మా సార్ తాట తీయబట్టే ఈ రోజు ఇలా ఉన్నాం.’ అనేవాళ్లు మనస్ఫూర్తిగానే అంటారు. కానీ అదే బెత్తానికి జడిసి ఐదో తరగతిలోనే బడి మానేసిన పక్క బెంచీ కుర్రాడు ఆ గదిలో ఉండడు కదా! బడి ఎవరికి కలిసొచ్చిందో వాళ్లే టీచర్లయ్యారు, వాళ్ల జ్ఞాపకాలే సిద్ధాంతంగా చలామణీ అవుతున్నాయి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపులనూ నిషేధించింది. గోడకుర్చీలు, గుంజిళ్లు ఇంకా పోలేదంటే, చట్టం కన్నా జ్ఞాపకం బలంగా పనిచేస్తోందనే అర్థం.

మరి ఠాగూర్ ఆ బెత్తం ఎలా వదిలారు? ఆయన ఒకదాని తర్వాత ఒకటిగా బళ్లు మానేశారు. నలభయ్యో పడి దగ్గరపడి, సొంత పిల్లల చదువు సమస్య ముందుకొచ్చినప్పుడు తన బడి రోజులను మళ్లీ తరచి చూసుకున్నారు. 1901 డిసెంబరులో ఐదుగురు పిల్లలతో శాంతినికేతన్‌లో బడి మొదలైంది. వాళ్లలో కొడుకు రథీంద్రనాథ్ ఒకడు.

అయితే బడి మానేసినా ఆయనకు కలకత్తాలో జొరాసాంకో అనే పెద్ద సొంత భవనం ఉంది, ఇంటికొచ్చి పాఠం చెప్పే మాస్టార్లు ఉన్నారు. సతారా బడిలో అంబేడ్కర్‌కు ఆ వెసులుబాటు లేదు. కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచే తెచ్చుకోవాలి, కుళాయి ముట్టుకోకూడదు. ప్యూన్ వచ్చి తిప్పితేనే నీళ్లు, ప్యూన్ రాని రోజు దాహమే. అంత అవమానం పడ్డ మనిషి బడి వద్దనలేదు, అందరికీ కావాలన్నారు. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పారు, 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. ఠాగూర్‌ను బడి గోడలు బాధించాయి, అంబేడ్కర్‌ను బడిలోనే గీసిన గీతలు బాధించాయి. అందుకే ఏ టీచరైనా ‘నా అనుభవం చెబుతున్నా’ అన్నప్పుడు, ఆ అనుభవం ఏ ఇంటి పిల్లవాడిదో కూడా అడగాలి.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014లో తెచ్చిన రెండేళ్ల బీఈడీ ప్రణాళికలో తనను తాను అర్థం చేసుకోవడం అనే అంశం ఉంది. రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటే తీరిపోయే పని కాదది. మీ క్లాసులో దెబ్బలు ఎక్కువ ఎవరికి పడేవి? సార్ ఎప్పుడూ ప్రశ్న అడగని పిల్లలెవరు? మధ్యలో మానేసినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? టీచింగ్ ప్రాక్టీసుకు పంపేముందు, మార్కుల టెన్షన్ లేకుండా, ఈ ప్రశ్నల మీద ఛాత్రోపాధ్యాయుల చేత, అంటే బీఈడీ విద్యార్థుల చేత నోరు విప్పించాలి. వారానికి ఒక పీరియడ్ దీనికి కేటాయించడం ఏ కాలేజీకైనా సాధ్యమే.