మైడీ88: ఒంట్లో ఓ పెళ్లిళ్ల పేరయ్య

మొన్న తార్నాకలో ఓ మెడికల్ షాపు దగ్గర నా ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని ఐదారేళ్ల మనవడు. "తమ్మీ, పోరనికి మాటిమాటికి సర్ది అయితుంది. ఇమ్యూనిటీ పెరిగేది ఏదన్న ఉంటే ఇయ్యి" అంది. షాపతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సి విటమిన్ చప్పరించే బిళ్లలు, జింక్ సిరప్, ఉసిరికాయ బొమ్మ ఉన్న ఓ సీసా వరసగా కౌంటర్ మీద పెట్టాడు. ఆవిడ మూడింటినీ తిప్పి ధరలు చూసి, సీసా ఉంచుకుని మిగతావి వెనక్కి నెట్టింది.

కరోనా వచ్చి పోయినా ఈ 'ఇమ్యూనిటీ పెంచుకోవడం' అన్న మాట మాత్రం మనల్ని వదల్లేదు. రోగనిరోధక శక్తి అంటే మేడ మీది నీళ్ల ట్యాంకు, తగ్గినప్పుడల్లా మోటారు వేసి నింపుకోవాలి అన్నది దాని వెనకున్న ఊహ. జన్యువుల మీద దశాబ్దాలుగా పని జరుగుతున్న హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆ షాపుకు పెద్ద దూరమేం కాదు. అక్కడి చదువు ఈ కౌంటర్ దాకా రాలేదంతే.

ఈ ట్యాంకు ఊహ ఎంత తప్పో తెలియడానికి ఒక్క జన్యువు చాలు. దాని పేరు మైడీ88. 1990లో, ఎలుకల రక్త క్యాన్సర్ కణాలు పరిణతి వైపు మళ్లగానే మేల్కొనే జన్యువులను వెతుకుతుంటే దొరికింది. 88 అన్నది ఒట్టి నంబరు, అందులో మహిమేం లేదు.

ఈ జన్యువు తయారుచేసేదాన్ని అడాప్టర్ ప్రొటీన్ అంటారు. అడాప్టర్ అనగానే ఫోన్ చార్జర్ తలపుకొస్తుందేమో గానీ, నాకు మాత్రం పెళ్లిళ్ల పేరయ్యే గుర్తొస్తాడు. ఆయన అటు పెళ్లికొడుకూ కాడు, ఇటు పెళ్లికూతురి తండ్రీ కాడు. రెండిళ్లనూ కలపడమే ఆయన పని. ఆయన రాకపోతే సంబంధం ముందుకు కదలదు. మైడీ88 కూడా క్రిమిని గుర్తుపట్టదు, చంపదు. కనీసం ఎంజైమ్ కూడా కాదు.

క్రిమిని పసిగట్టేవి టోల్ లైక్ రిసెప్టర్లు. (టోల్ అంటే జర్మన్‌లో 'భలే' అని. ఔటర్ రింగ్ రోడ్డు టోల్‌తో చుట్టరికం లేదు.) మనుషుల్లో ఇవి పది రకాలు. మూడో నంబరుది తప్పిస్తే దాదాపు అన్నీ మైడీ88 మీదే ఆధారపడతాయి. బ్యాక్టీరియా ముక్క తగలగానే మైడీ88 ఒక చివరతో రిసెప్టర్‌ను పట్టుకుంటుంది. రెండో చివరతో తనలాంటివాటినీ, ఐరాక్ అనే ప్రొటీన్లనూ పోగుచేస్తుంది. ఆ గుంపు ఎలా ఉంటుందో 2010లో బయటపడింది: ఆరు మైడీ88లు, వాటి మీద నాలుగు ఐరాక్4లు, ఆ పైన నాలుగు ఐరాక్2లు, మెలితిరిగిన మెట్ల మాదిరి. అక్కడి నుంచి కబురు కణ కేంద్రకానికి చేరితే వాపు, జ్వరం, తెల్లకణాల పరుగు, అన్నీ మొదలవుతాయి. పని అయ్యాక ఆ మెట్లు విడిపోవాలి కూడా.

విడిపోకపోతే? వాల్డెన్‌స్ట్రామ్ అని అరుదైన రక్త క్యాన్సర్ ఒకటుంది, ఎక్కువగా పెద్ద వయసులో వచ్చేది. ఆ రోగుల్లో దాదాపు 90 శాతం మంది క్యాన్సర్ కణాల్లో మైడీ88 జన్యువులో ఒకే మార్పు కనిపిస్తుందని 2012లో తేలింది. దాంతో ప్రొటీన్‌లో 265వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ అనే ఇంకోటి ఉంటుంది. ఒకే ఒక్క అక్షరం మారింది, స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోయింది. 'పెంచుకోవడం' అంటే ఏమిటో తెలియకుండా పెంచమని అడిగేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఈ స్విచ్‌ను కొలిచి నొక్కిన ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. జీనోమ్ వ్యాలీలో పుట్టిన కోవాగ్జిన్‌లో చచ్చిన వైరస్‌తో పాటు టోల్ 7, 8 రిసెప్టర్లను తట్టే ఒక చిన్న అణువు ఉంటుంది. దాని కబురు వెళ్లేది మైడీ88 ద్వారానే. ఆ అణువును అల్యూమినియం ఉప్పుకు అంటించి పెట్టారు, ఒళ్లంతా తిరక్కుండా సూది పడిన చోటా, దగ్గరి లింఫ్ గ్రంథుల్లోనే ఉండాలని. అసలు నేర్పంతా ఆ కట్టడిలోనే ఉంది.

ఇక ఆ జన్యువు పుట్టుకతోనే పనిచేయని పిల్లలు. 2008లో అలాంటి తొమ్మిది మంది గురించి మొదటిసారి రాశారు. వాళ్లను న్యుమోకాకస్ లాంటి కొద్దిరకాల చీము పుట్టించే బ్యాక్టీరియా పదేపదే పడగొట్టింది, మిగతా చాలా క్రిములను మాత్రం మామూలుగానే తట్టుకున్నారు. (వైరస్‌లతో పేచీ లేదనుకున్న మాటను 2023లో కొంత సవరించుకోవాల్సి వచ్చింది: వీళ్లకు కోవిడ్ న్యుమోనియా ముప్పు ఎక్కువే.) నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకోటి. ఈ పిల్లలకు ఇన్ఫెక్షన్ మొదట్లో జ్వరం సరిగా రాదు, ఒంట్లో వాపును చూపించే సీఆర్‌పీ రక్తపరీక్ష అంకె కూడా పెద్దగా పెరగదు. జ్వరం తెప్పించే కబురే ఆగిపోయింది మరి. మన ఇళ్లలో అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి "ఒళ్లు కాలట్లేదులే" అని ఊపిరి పీల్చుకుంటుంది. ఈ పిల్లల విషయంలో ఆ చెయ్యే మోసపోతుంది. మామూలుగా చేయించే యాంటీబాడీల లెక్క, లింఫోసైట్లనే తెల్లకణాల లెక్క కూడా చాలాసార్లు బాగానే వస్తాయి. జన్యుపరీక్ష లాంటి ప్రత్యేక పరీక్షల దాకా వెళ్తేనే గుట్టు తెలుస్తుంది.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడినవి వస్తేనే ఈ లోపం బయటపడుతుంది. ఇద్దరూ వాహకులైతే, అంటే చెడిన జన్యువు ఒక్కొక్కటి మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇక్కడ మేనరికం మాట రాక తప్పదు. మేనరికం చేసుకోకపోయినా తరతరాలుగా కులంలోనే ఇచ్చిపుచ్చుకోవడం ఉండనే ఉంది. 2017లో సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 263 దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల ముద్ర ఆ ముద్రకు పేరుపడ్డ ఫిన్లాండ్‌వాళ్లలో కంటే గట్టిగా కనిపించింది. ఆసుపత్రుల్లో "మీది మేనరికమా?" అని అడుగుతారు, కేస్ షీట్‌లో రాస్తారు, చాలాసార్లు కథ అక్కడితో సరి. ఇంతకుముందు బిడ్డ పోయిందా, ఎలా పోయింది, రెండోసారి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఎందుకొచ్చింది అన్న ప్రశ్నలు కూడా ఆ వెంటనే రావాలని నా అభిప్రాయం.

తరచూ జలుబు చేసే పిల్లలందరికీ ఈ లోపం ఉందని కాదు. ఇది చాలా చాలా అరుదు, ఆ పెద్దావిడ మనవడికి బహుశా బడి జలుబే. కానీ నిజంగా ఉన్నవాళ్లను గుర్తిస్తే కాపాడుకునే దారి ఉంది. 2010 నాటి పరిశీలనలో ఈ లోపం, దీని జోడీ అయిన ఐరాక్4 లోపం ఉన్నవాళ్లలో 8 ఏళ్లు దాటాక మరణాలు లేవు, 14 దాటాక ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు లేవు. వయసుతో పాటు మిగతా రక్షణ వ్యవస్థ పని నేర్చుకుంటుందని అనుకుంటున్నారు. అప్పటిదాకా న్యుమోకాకల్ టీకా, అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ (బయటి నుంచి ఎక్కించే యాంటీబాడీలు), రోజూ నివారణకు యాంటీబయాటిక్. టీకా సర్కారు దవాఖానాలో పసిపిల్లలకు ఉచితం. రోజువారీ మందుల్లో ఒకటైన కోట్రైమోక్సజోల్ పాతది, చవకది. తార్నాక షాపులో కూడా ఉండే ఉంటుంది, ఉసిరికాయ బొమ్మ సీసాల వెనక అరలో ఎక్కడో.