చెరువుగట్టున ద్రాక్ష, జిల్లాకు రక్ష

అనంతపురం జిల్లా వెనకబాటుకు మనవాళ్లు ఇన్నాళ్లూ చెప్పిన కారణాలన్నీ తప్పే. వానల్లేవన్నారు. కాలవ నీళ్లు చివరిదాకా రావన్నారు. చెనిక్కాయను నమ్ముకుని చెడ్డామన్నారు. అసలు లోటు ఇంకోటి. వసంతకాలాన్ని కూర్చుని చూడటానికి మన దగ్గర తగిన చోటు లేదు. నిండు చెరువు, గట్టున ద్రాక్షతోట, తోటలో వైన్ తయారుచేసే వైనరీ, దాని అరుగు మీద పొడుగు కాడ గ్లాసు పట్టుకుని నీళ్లవైపు చూస్తూ నిట్టూర్చే బెంగళూరు జనం ఉండాలి. ఇవి సమకూరాయంటే మిగతా అభివృద్ధి వాళ్ల కార్ల వెనకే వచ్చేస్తుంది. నాసిక్‌లో గంగాపూర్ డ్యాం పక్కన ఈ ముచ్చట ఎప్పుడో తీరింది. నంది హిల్స్ దగ్గర దొడ్డబళ్లాపురం వైపూ తీరింది. మనకేం తక్కువ?

తక్కువేమీ లేదని అంకెలతో సహా చెబుతాను. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా అని ఒక సరస్సు ఉంది. దాని ఒడ్డంతా ద్రాక్షతోటలూ వైనరీలే. బాగా లోతు కాబట్టి చలికాలంలోనూ దాదాపు గడ్డకట్టదు. ఆ వెచ్చదనం ఒడ్డున ఉన్న తీగల్ని కాపాడుతుంది. వసంతం రాగానే అదే నీరు గాలిని చల్లగా ఉంచి, చిగురు తొందరపడి బయటికొచ్చి మంచుకు మాడిపోకుండా ఆపుతుంది. ఇంత మేలు చేసే ఆ సరస్సు లోతు 618 అడుగులు.

ఈ అంకె వింటే మా జిల్లా రైతుకు నవ్వొస్తుంది. నీళ్లు ఎక్కడున్నాయో చెప్పడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచే ఆయన, కాయ లేచి నిలబడ్డచోట పాయింటు చూపిస్తాడు. రాత్రికి బోరు బండి వస్తుంది. 618 అడుగుల దగ్గర అది ఇంకా ముగ్గుపిండిలాంటి తెల్లటి రాతిదుమ్మే కక్కుతుంటుంది. చెట్ల ఆకులు, రైతు కనుబొమ్మలు, పక్కన పెట్టిన టీ గ్లాసు అన్నీ తెల్లబడతాయి. "ఇంకో వంద సూడప్పా" అంటాడు రైతు. ఆ ఇంకో వంద మూడుసార్లు అయ్యాక ఆయన అనడం మానేస్తాడు. వెయ్యి దాటిన బోర్లు మా దగ్గర వింతేం కాదు. లోతులో సెనెకాను ఎప్పుడో దాటేశాం. నీళ్ల సంగతొక్కటే మిగిలింది.

చెరువు కూడా సిద్ధంగానే ఉంది. అనంతపురం టౌను పక్కనే బుక్కరాయసముద్రం, విజయనగర కాలం నాటి చెరువు. కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి గండిలో ప్రాణమిచ్చిన కోడలు ముసలమ్మ కథ ఆ కట్టదే. కట్టను ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. సెల్ఫీ పాయింటుకు ఇంతకన్నా బరువైన కథ ఏ దేశపు వైనరీకి ఉంది? ఇక ఆ కాలంవాళ్లు చెరువులు ఊరికే తవ్వలేదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని, ఆరు దోషాలుండకూడదని లెక్కగట్టి చెప్పింది. నీరు తక్కువై పొలం ఎక్కువవడం ఆ దోషాల్లో ఒకటి. అంత చదువుకున్నవాళ్లకూ ఏడో దోషం తట్టలేదు: పొలాలకు నీళ్లు వదిలితే చెరువు అందం తగ్గుతుంది. శ్రీశైలం నుంచి హంద్రీనీవా మోటార్లు మెట్టుమెట్టుగా ఎత్తి తెచ్చిన కృష్ణా నీళ్లను తీసుకెళ్లి వరిమడిలో పోస్తే సూర్యాస్తమయం దేంట్లో కనబడుతుంది? ఆయకట్టు రైతులు ఒక్క పంట మానుకుంటే చాలు. చూసేవాళ్ల కోసం ఆ మాత్రం త్యాగం చేయరా? వాళ్లది ముసలమ్మ పుట్టిన గడ్డ.

ఒక్క చిక్కుంది, దాచను. చలిదేశంలో తీగ చలికాలమంతా నిద్రపోయి వసంతంలో కళ్లు తెరుస్తుంది. ఫొటోల్లో కనబడే లేతాకుపచ్చ అదే. మా తీగకు నిద్రలేదు. ఏడాదికి రెండు కటింగులు: ఏప్రిల్ కటింగు కొమ్మకు, అక్టోబరు కటింగు కాయకు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయ కోసేస్తాం. అంటే టూరిస్టు ఉగాది సెలవులకు వసంతం చూడాలని వచ్చేసరికి గుత్తులుండవు. ఇంకొన్నాళ్లు ఆగి వస్తే ఆకులూ ఉండవు. నలభై డిగ్రీల ఎండలో రాతికూసాలు, ఇనుప తీగలు, వాటిని పట్టుకుని గుండు కొట్టించుకున్న మోడులు మాత్రం ఉంటాయి. దీనికీ నా దగ్గర ఉపాయముంది. పెళ్లి డెకరేషన్‌వాళ్లకు ఫోన్ చేస్తే పందిరికి ప్లాస్టిక్ తీగ చుట్టేసి పోతారు. జిల్లాలో ఏ కల్యాణమండపంలో చూసినా ప్లాస్టిక్ గుత్తులు పన్నెండు నెలలూ కాపు మీదే ఉన్నాయి. దానికి బోరు అక్కర్లేదు, బూడిద తెగులూ రాదు.

వైన్ పండితుల సిద్ధాంతం ఒకటి చదివాక నాకు ఒళ్లు పులకరించింది. తీగ సుఖపడకూడదట. నీళ్లు పుష్కలంగా తాగితే ఆకు పెంచుకుని, కాయ ఉబ్బి, రుచి పల్చబడుతుందట. రాళ్లనేలా, కొంత దాహమూ ఉంటేనే కాయ చిన్నదై రసం చిక్కబడుతుందట. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప, జైసల్మేర్ తర్వాత మనమే అని బళ్లో వింటూ పెరిగినవాళ్లం. కష్టపెట్టడంలో మాకున్న అనుభవం ఫ్రాన్సుకుందా? వాళ్లు తీగను కొలిచి, లెక్క రాసుకుని కష్టపెడతారు. ఇక్కడ బోరు, కరెంటు, వ్యాపారి, బ్యాంకు కలిసి ఆ పని చేసిపెడతాయి. తేడా ఒక్కటే. తీగ కష్టపడితే రసం చిక్కబడుతుంది, రైతు కష్టపడితే మనిషే చిక్కిపోతాడు.

పైగా మా రైతు ఇన్నాళ్లూ నేర్చుకున్నది దీనికి సరిగ్గా ఎదురు. తినే ద్రాక్షకు కాయ లావుండాలి. అందుకే ఒక్కో గుత్తిని చేత్తో పట్టుకుని, జిబ్బరెల్లిక్ యాసిడ్ కలిపిన మగ్గులో ముంచి తీస్తారు. ఎకరంలో ఎన్ని గుత్తులుంటాయో అన్ని ముంచుళ్లు. ఇప్పుడు ఆయన్ని పిలిచి, కాయ సన్నగా, తోలు మందంగా, లోపల గింజతో ఉండాలయ్యా అంటే, పోయిన ఏడాది అలాంటి కాయకే వ్యాపారి ధర తెగ్గొట్టాడని ఆయన గుర్తుచేయొచ్చు. గుర్తుచేయనీయండి. మార్కెట్ మారింది.

కాయ తొక్కే కార్యక్రమం కూడా పెట్టాలి. తొట్టెలో ద్రాక్ష పోసి కాళ్లతో తొక్కిస్తారు, చాలా వైనరీల్లో టూరిస్టులకు అదో సరదా. ఇదే పనిని మేస్త్రీ తెచ్చిన ఆడకూలీలతో చేయిస్తే సాయంత్రానికి వాళ్లకు కూలి ఇవ్వాలి. టూరిస్టులతో చేయిస్తే వాళ్లే టికెట్ కొంటారు. ఇంత తేలికైన ఆర్థిక సూత్రం ఇన్నాళ్లూ మన చెనిక్కాయ చేలల్లో ఎందుకు అమలు కాలేదో నాకు అర్థం కాదు.

కొందరు తాగుడును ప్రోత్సహిస్తున్నావని నా మీదికొస్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన రాష్ట్రమిది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఇప్పుడు 99 రూపాయల క్వార్టర్ దొరుకుతోంది. అది పట్టుకుని చెరువుగట్టున కూర్చున్నవాణ్ణి పోలీసులు లేపి తరిమేస్తారు, సరైన పనే. అదే గట్టున పొడుగు కాడ గ్లాసు పట్టుకుంటే గొడుగు వేస్తారు, జీడిపప్పు ప్లేటు పెడతారు, చీకటి పడితే గట్టుకు లైట్లు వేస్తారు. క్వార్టర్‌లో ఆల్కహాల్ 42.8 శాతం, వైన్‌లో పన్నెండు, పద్నాలుగు. రూపాయికి ఎంత మత్తు అని లెక్కేస్తే మన పేదవాడే పొదుపరి. కానీ పొదుపు చేసేవాణ్ణి చూడటానికి బెంగళూరు నుంచి ఎవరొస్తారు?

గ్లాసు తిప్పి, ముక్కు పెట్టి, తడిసిన మట్టి వాసన వస్తోందని మెచ్చుకునే రసికులు కూడా వస్తారు. ఆ వాసన కోసం మేం జూన్ నుంచి కాచుకుని కూర్చునేవాళ్లం. నిజంగా సీసాలో వస్తే ముందు మేమే కొంటాం.

ఈ ప్రతిపాదనంతా ఒక పల్లెలో రచ్చకట్ట దగ్గర విడమరిచి చెప్పాను, పెట్టుబడి పెట్టే పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ. అందరూ బుద్ధిగా విన్నారు. చివర్లో గొర్రెల కాపరి ఒకాయన లేచాడు.

"అంతా బాగుండాది సార్. కాయ పిండినాక తొక్కు మిగుల్తాది గదా, దాన్నేం జేస్తారు?"

"ఎరువుకు వాడతారు, మేతలో కూడా కలుపుతారు" అన్నాను.

"అట్లయితే మా జీవాలకన్నా ఇయ్యండి. ఎండాకాలం గట్టు మీద గడ్డిపోచ ఉండదు."

అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న పెద్దమనిషి నోట్‌బుక్ తెరిచి, పెన్ను మూత తీశాడు.

"తడి తూకమా, ఎండు తూకమా?" అని అడిగాడు.