ఇంగ్లీషుకి పది లక్షల మాటలున్నాయా?

"ఇంగ్లీషులో పది లక్షల పదాలున్నాయి, స్పానిష్‌లో లక్ష కూడా లేవు. అందుకే ఇంగ్లీషు పదింతలు గొప్ప భాష." ఈ మాట ఏళ్ళ తరబడి వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో తిరుగుతూనే ఉంది. ఆ రెండు అంకెల్లో మొదటిది ఉత్తిదే. రెండోది ఒక నిఘంటువు లెక్కగా నిజమే కానీ, అది చెప్పే సంగతి వేరు.

ముందు ఆ పది లక్షల సంగతి. అమెరికాలోని గ్లోబల్ లాంగ్వేజ్ మానిటర్ అనే కంపెనీ 2009 జూన్ 10న ఇంగ్లీషులోకి పదిలక్షవ పదం వచ్చేసిందని చాటింపు వేసింది. ఆ పదం "వెబ్ 2.0". దానికి ముందు మెట్టు మీద నిలబెట్టిన మాట ఏమిటో తెలుసా? "జై హో"! ఈ లెక్కన మన టిఫిన్ సెంటర్ల మెనూ కార్డులన్నీ ఇంగ్లీషు నిఘంటువులే. భాషాశాస్త్రవేత్తలు అప్పుడే దీన్ని కొట్టిపారేశారు.

"సరే, నిఘంటువులే చూడండి" అంటారు. చూద్దాం. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో వాడుకలో ఉన్న మాటలు 1,71,476 అని లెక్క. స్పానిష్ భాష బాగోగులు చూసే స్పెయిన్ రాయల్ అకాడమీ 2014 నిఘంటువులో ఉన్నవి 93,111. కానీ ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఒకసారి ఎక్కించిన మాటను తీసెయ్యరు. వాడుక పోయినవే అందులో ఇంకో 47,156 ఉన్నాయి. అకాడమీ వాళ్ళు 1500కి ముందే కనుమరుగైన మాటల్ని అసలు పెట్టరు, కొత్త ముద్రణ వేసేటప్పుడు పాతవాటిని ఏరేస్తారు. లాటిన్ అమెరికా జనం మాటల కోసం 2010లో వేరే నిఘంటువే వేశారు, అందులో 70 వేలు. గోదాంనీ షోరూంనీ పక్కపక్కన పెట్టి సరుకు లెక్కపెడితే ఎలా?

నిఘంటువుకి ఎక్కనిదే ఇంకా ఎక్కువ. స్పానిష్‌లో "ఆసో" అనే ప్రత్యయం ఉంది. ఒక వస్తువు పేరుకి దీన్ని తగిలిస్తే దానితో కొట్టిన దెబ్బ అవుతుంది. మోచేత్తో పొడిస్తే కోదాసో, చెప్పుతో కొడితే సపతాసో, తలుపు ధడాలున వేస్తే పోర్తాసో. పుచ్చకాయతో కొట్టి సందియాసో అన్నా విన్నవాడికి అర్థమైపోతుంది. 1948లో కొలంబియా రాజధాని బొగోటాలో గైతాన్ అనే నాయకుణ్ణి కాల్చి చంపాక ఊరు అట్టుడికిపోయింది. ఊరి పేరుకే ఈ ప్రత్యయం తగిలించి ఆ అల్లర్లని బొగొతాసో అన్నారు. 1981లో తెహెరో అనే అధికారి స్పెయిన్ పార్లమెంటులోకి తుపాకీతో చొరబడితే అది తెహెరాసో. ఇలా అప్పటికప్పుడు పుట్టే మాటల్ని ఎవరు లెక్కపెట్టగలరు? తెలుగువాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. "చెయ్యలేకపోయినవాళ్ళకి" అని రోజూ అంటాం, ఏ నిఘంటువులోనూ దొరకదు.

ఇక మూడో వాదన: ఇంగ్లీషులో ఒకే అర్థానికి కింగ్లీ, రాయల్, రీగల్ అని మూడేసి ఉంటాయట. ఇందులో నిజముంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు, ఆ తర్వాత పండితుల చలవతో లాటిన్ మాటలు వచ్చి పేరుకున్నాయి. ఇలాంటివి ఇంగ్లీషులోనే ఎక్కువ, ఒప్పుకుందాం. అలాగని స్పానిష్ చేతులు ఖాళీ కాదు. 711 నుంచి 1492 దాకా ఏదో ఒక భాగంలో అరబ్బీ వాడే ముస్లిం పాలకులున్న నేల అది. ఆలివ్ కాయకి అరబ్బీ నుంచి అసెయితూనా, లాటిన్ నుంచి ఒలీవా. తేలుకి అలక్రాన్, ఎస్కోర్పియోన్.

చివరిది కాస్త తమాషాగా ఉంటుంది: "ఇంగ్లీషు పుస్తకాన్ని స్పానిష్‌లోకి మారిస్తే లావెక్కుతుంది, మాటలు లేకనే కదా!" లావెక్కే మాట నిజమే, కారణం అది కాదు. రెండు నామాల మధ్య "యొక్క" లాంటి "దె" పెట్టాలి, చాలాచోట్ల నామం ముందు ఆర్టికల్ పెట్టాలి. అది వ్యాకరణం ఖర్చు. ఇంగ్లీషు నాలుగు మాటల్లో చెప్పే "అది నాకివ్వు" స్పానిష్‌లో ఒకే మాట, దామెలో. కొత్త చొక్కా మొదటిసారి తొడుక్కున్నా, కొత్త బండి మొదటిసారి బయటికి తీసినా ఎస్త్రెనార్ అనే ఒక్క క్రియ చాలు. దాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే లావెక్కేది ఇంగ్లీషే.